పక్కవాటా ఆకాశం

గడలు పాతేవాళ్లు మంగళవారం పొద్దున వచ్చారు. అప్పటికే రెగులా వంటింటి కిటికీ ముందు కుర్చీ వేసుకుని, నల్ల పావడా ఒకటి ఒళ్లో పరుచుకుని అంచు కుట్టు విప్పుతోంది. నల్ల గుడ్డ, నల్ల దారం. ఎంత మంచి దీపం పెట్టినా ఆ దారం కంటికి ఆనదు. కొండ మీదుగా వచ్చే పగటి వెలుగే కావాలి. ఆ వెలుగు ఈ కిటికీలోకి పొద్దుగుంకేదాకా పడుతుంది. ఊళ్లో కుట్టుపని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. అయినా నల్లబట్టలన్నీ రెగులా దగ్గరికే రావడానికి కారణం తన వేళ్లు కావనీ, ఈ కిటికీయేననీ ఆమెకి బాగా తెలుసు. ఆ సంగతి ఎవరితోనూ అనదు.

పావడా మార్లీస్‌ది. మార్లీస్ రెగులాకి తోడికోడలు. తండ్రి కట్టిన పొడుగాటి పాత ఇంటిని అన్నదమ్ములిద్దరూ నిలువునా రెండు వాటాలు చేసుకున్నారు. పెద్దవాడు పోయాడు, ఆ వాటాలో ఇప్పుడు మార్లీస్ ఒక్కతే ఉంటోంది. చిన్నవాడు ఉర్స్, రెగులా మొగుడు, కలప మిల్లులో పని. రెండు వాటాలకీ కప్పు ఒకటే, పెరడు ఒకటే, కిటికీలోంచి కనపడే కొండా ఒకటే. ఆఖరికి పిల్లి కూడా ఒకటే. దానికి రోజూ పాలు పోసేది రెగులా, అది వెళ్లి ముడుచుకుని పడుకునేది మార్లీస్ ఒళ్లో. ఈ విషయంలో పిల్లిని రెగులా ఇంతవరకూ క్షమించలేదు.

ఇంటి ముందు పల్లంలో ఆల్బర్ ముసలాయన గడ్డిచేను ఉంది. ఆవుల్ని అమ్మేశాడాయన. ఆ చేనుని ఇళ్ల స్థలంగా మార్చి, అక్కడ అద్దె ఇళ్లు కట్టనివ్వాలా వద్దా అన్నది శుక్రవారం గ్రామసభ తేల్చాలి. చెయ్యెత్తేవాళ్లు రాబోయేదేమిటో కళ్లారా చూసుకోవాలి కాబట్టి, కట్టబోయే ప్రతి గోడ మూలలోనూ ముందే ఒక గడ నిలబెడతారు. ఈ ఊరివాళ్లకి అది కొత్త కాదు. గడలు చూసి, రాని ఇంటితో ముందే తగాదా మొదలుపెట్టడం వాళ్లకి చిన్నప్పట్నుంచీ అలవాటే.

మే నెల గడ్డి మోకాళ్లు దాటి పెరిగింది. పనివాళ్లు ఒకరి అడుగులో ఒకరు అడుగేస్తూ, గడ్డి నలగకుండా చేనులోకి దిగారు. ఆ మాత్రం మర్యాద తెలిసినవాళ్లేనని రెగులా మనసులో మెచ్చుకుంది. కోతకి ముందు గడ్డి తొక్కేవాడు ఆమె దృష్టిలో మనిషి కాదు. ఒకడు గునపంతో గుంట తీశాడు. ఇద్దరు గడ ఎత్తి నిలబెట్టారు. ఇంకొకడు మూడు వైపులా తీగలు లాగి మేకులకి బిగించాడు. ఒక గడ లేచింది, రెండోది లేచింది. రెగులా చేతిలో కత్తెర ఆగిపోయింది.

మధ్యాహ్నానికి రెగులా కిటికీ ముందు గడల తోట మొలిచింది. ఇటొకటి, అటొకటి, వెనకాల ఇంకో వరస, పక్కన మళ్లీ ఇంకొన్ని, వాటి మధ్య తీగలు. కొండ ముఖం మీద గీతలు గీసి కొట్టేసినట్టయింది. మెడ సాచి పక్కకి చూసింది. మార్లీస్ వాటా ముందు గడలు చాలా దూరం దూరంగా, అటు మూలన ఒకటి, ఇటు మూలన ఒకటి. వాటి నడుమ అంతా ఖాళీ. ఆ ఖాళీలో కొండ, కొండ కింద సరస్సు, సరస్సు మీద పడవ, అన్నీ తాంబాళంలో పెట్టి ఇచ్చినట్టు కనిపిస్తున్నాయి.

రెగులా కత్తెర బల్ల మీద పెట్టింది.

ఉర్స్ భోజనానికి వచ్చాడు. పులుసు గిన్నె ముందు కూర్చుని రొట్టె విరిచాడు.

"చూశావా?" అంది రెగులా.

"చూశా. గడలు పాతారు."

"మన ముందు ఎన్ని పాతారు, దాని ముందు ఎన్ని పాతారు, అది చూశావా?"

"ఎన్నని కాదు చూడాల్సింది. దగ్గరికెళ్లి సరిగ్గా చూడు."

"కోత కాకముందు చేలో దిగమంటావా? మా నాన్న గోరీలోంచి లేచొచ్చి తంతాడు."

"అయితే పంచాయితీ ఆఫీసులో పటం తగిలించారు. పోయి చూసిరా."

"కళ్లెదుట ఇంతింత గడలు పెట్టుకుని కాగితం చూడ్డానికెళ్లాలా? గడలు చదవడం రాకపోతే కదా కాగితం!"

ఉర్స్ ఇంకేదో అనబోయి, పులుసు చల్లారిపోతుందని గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో అతను నేర్చుకున్న విద్య అదే.

ఆ సాయంత్రం బ్యూలర్ వచ్చాడు. ఈ ఇళ్ల ప్లాను గీసింది ఆయనే. పల్చటి గడ్డం, సైకిలు తొక్కేవాళ్ల బూట్లు. వచ్చినవాడు చేను దగ్గరికి వెళ్లకుండా మార్లీస్ వాటా ముందున్న బెంచీ మీద కూర్చున్నాడు. మార్లీస్ కాఫీ పట్టుకొచ్చింది. రెగులా దండెం మీది బట్టలు తీస్తోంది. ఆరినవి తీస్తోంది, ఆరనివీ తీస్తోంది.

"నీకు పాలు పొయ్యనా?" అంది మార్లీస్.

నీకు! రెగులా చేతిలోంచి దుప్పటి జారింది. ఈ ఊళ్లో మీరు అన్నవాళ్లని నువ్వు అనేదాకా రావాలంటే ఏళ్లు పడుతుంది. దానికో రోజు చూసుకోవాలి, గ్లాసులు తాకించుకోవాలి, పేర్లు చెప్పుకోవాలి. ఉర్స్‌ని పెళ్లి చేసుకుందామనుకున్నాక కూడా అత్తగారిని నువ్వు అనడానికి రెగులాకి రెండు వేసవులు పట్టింది. నిన్నగాక మొన్న వచ్చిన ప్లాను మనిషిని మార్లీస్ నువ్వంటోంది. అంటే వీళ్ల వ్యవహారం ఎన్నాళ్లనించి నడుస్తోందో!

అతను వెళ్లేదాకా ఆగి రెగులా కంచె దగ్గరికి వెళ్లింది.

"బాగా దగ్గరివాడిలా ఉన్నాడే."

మార్లీస్ కప్పులు తీస్తూ తలెత్తలేదు. "ఎవరు, బ్యూలరా? మా పాటల బృందంలో చేరాడు. మంద్రం బాగా పాడతాడు. బృందంలో అందరం ఒకళ్లనొకళ్లం నువ్వనే అనుకుంటాం కదా. నువ్వు మానేశావు, నీకెలా తెలుస్తుంది."

రెగులా బృందం ఎందుకు మానేసిందో ఇద్దరికీ తెలుసు. విడిగా పాడాల్సిన చరణం ప్రతి ఏడూ మార్లీస్‌కే వస్తుంది.

"ఖాళీ బాగా వచ్చింది," అంది రెగులా, చేను వైపు గడ్డంతో చూపిస్తూ.

మార్లీస్ ముఖం ఒక్కసారిగా ఎర్రబడింది. ఏదో అనబోయి, కప్పు మీద కప్పు పెట్టి, "అవును. బాగానే వచ్చింది. అదృష్టం," అని గబగబా లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పిల్లి ఆమె వెనకే దూరింది.

ముఖం ఎర్రబడిందంటే ఇంకేం కావాలి రుజువు? రెగులా ఆ రాత్రి పక్క మీద అటూ ఇటూ దొర్లింది. మార్లీస్ కాఫీ పోసింది, మార్లీస్ పాడింది, మార్లీస్ జడలా అల్లి కాల్చిన తన రొట్టె చుట్టి ఇచ్చింది. ఆ రొట్టె పొయ్యిలోంచి తీస్తే ఎక్కడా పగలదు, రెగులాది ప్రతి ఆదివారం నడుం దగ్గర పగులుతుంది. ఆ రొట్టె తిని బ్యూలర్ గీత ఇటు జరిపాడు. అంతే జరిగుంటుంది.

బుధవారం ఆమె పావడా పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కుని వీధిలో పడింది. వెనకనించి చేనులో సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి. పనివాళ్లు ఇంకా ఏదో కొడుతున్నారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

గొట్‌ఫ్రిడ్ బస్సు నడిపి రిటైరైనవాడు, మూల ఇంట్లో ఉంటాడు. గులాబీ కొమ్మలు కత్తిరిస్తూ దొరికాడు.

"ఇళ్లొస్తే రానీ అనుకో," అన్నాడు, "కానీ ఆ దారి చూశావా? ఎదురెదురుగా రెండు కార్లొస్తే ఒకటి వెనక్కి పోవాలి. ఇక లారీలొచ్చి, కొత్తవాళ్ల కార్లొచ్చి, వాళ్లింటికొచ్చేవాళ్ల కార్లొచ్చి... నా గులాబీలన్నీ పొగచూరిపోతాయి."

"నీ గులాబీలొక్కటేనా? నా కిటికీ మూసుకుపోతోంది."

"అయ్యో."

"పక్కవాటా మాత్రం తెరిచే ఉంది. ఒకే ఇంట్లో ఒక వాటాకి గోడా, ఒక వాటాకి ఆకాశమా? ఇదేం న్యాయం చెప్పు!"

గొట్‌ఫ్రిడ్ కత్తెర ఆపి ఆలోచించాడు. అతను తన కిటికీలోంచి గడలు చూశాడు. తన గులాబీల మీద నీడ పడుతుందా లేదా అన్నంతవరకే చూశాడు.

"న్యాయం కాదు. సభలో లేచి అడుగు. నువ్వు ఏం అడిగితే దానికి నా చెయ్యి లేస్తుంది. కానీ లారీల సంగతి కూడా ఓ మాటెయ్యి."

లిజెలోట్టె తన గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడింది. ఆమె భయం ఆమెది. "వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో? పై వీధి కొత్త ఇళ్లవాళ్లు ఎదురుపడితే పలకరించరు, ఫోన్లో మొహం పెట్టుకుని పోతారు. వేసవి రాత్రి పదింటికి కూడా మిద్దె మీద మాంసం కాలుస్తారు. చెత్తసంచీ ముందురోజే బయట పెడతారు!"

"పెడతారు," అంది రెగులా. "అన్నీ చేస్తారు. కానీ నేననేదేమిటంటే, వచ్చే కష్టమేదో అందరికీ సమానంగా రావాలా వద్దా?"

"రావాలి."

"అయితే శుక్రవారం చెయ్యెత్తు."

గడపగడపకీ అలాగే తిరిగింది. ప్రతివాళ్లూ తమ దారి గురించో, బడి చాలదనో, నీళ్ల గొట్టం పాతదనో చెప్పుకున్నారు. ఆమె అన్నీ ఓపిగ్గా విని, చివర్న తన మాట చెప్పి, మాట పుచ్చుకుని వచ్చింది. ఊరి బాగు కోసం తిరుగుతున్నానని తనకి తనే చెప్పుకుంది. కానీ ఎక్కడో లోపల ఆమెకి నిజం తెలుసు. ఇళ్లు రావడం ఆమెకి పెద్ద బాధ కాదు. గోడ తన ముందుకొచ్చినా ఎలాగో ఓర్చుకునేది. ఆ గోడ మార్లీస్‌కి రాకపోవడం మాత్రం ఓర్చుకోలేకపోతోంది.

గురువారమంతా కుట్టుకి కూర్చుంది. పావడా అంచు మీద సుద్దగీత గీసి, మడిచి, గుండుసూదులు గుచ్చింది. సుద్దగీత దాటి ఎంత గుడ్డ మిగిలినా లెక్క లేదు, గీత ఉన్నచోటే పావడా పొడుగు. చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది, కళ్లు మాత్రం మాటిమాటికీ గడల మీదికి పోతున్నాయి. పల్లంలోంచి ఇంటి చూరు దాకా లేచిన గడలు. తను ఇంక ఈ కుర్చీ పక్కవీధి వైపు వేసుకోవాలి. అక్కడ వెలుగుండదు. నల్లబట్టలు పట్టుకొచ్చేవాళ్లు మార్లీస్ వాటా వైపు చూసి, 'ఈవిడకి కుట్టు వచ్చుంటే ఎంత బాగుండేది' అనుకుంటూ పోతారు. మార్లీస్ అయితే నేర్చుకున్నా నేర్చుకుంటుంది, ఏం పట్టుకున్నా వస్తుంది దానికి. సూది వేలిలో దిగింది. రక్తపుచుక్క నల్లగుడ్డ మీద కనపడలేదు, అదొకందుకు నయం.

శుక్రవారం మధ్యాహ్నం పావడా ఇస్త్రీ చేసి పట్టుకెళ్లింది. మార్లీస్ తలుపు తీసింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి, జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. ఇంట్లో రొట్టె వాసన లేదు. శుక్రవారం ఆ ఇంట్లో రొట్టె వాసన లేకపోవడం రెగులా ఎప్పుడూ ఎరగదు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది." మార్లీస్ పావడా అందుకుంది. అంచు తిప్పి చూడలేదు. "సభలో నువ్వు మాట్లాడతావని గొట్‌ఫ్రిడ్ చెప్పాడు."

"మాట్లాడతాను."

"ఏం మాట్లాడతావు?"

"నువ్వూ వస్తావు కదా, వింటావుగా."

మార్లీస్ ఆమె భుజం మీదుగా గడల వైపు చూసింది. పెదవి కొరుక్కుంది. "రెగులా," అంది, "మనిద్దరం ఎప్పుడూ..." అని ఆగిపోయింది. రెగులా మిగతా మాట కోసం ఆగలేదు. తప్పు చేసినవాళ్లకి మాటలు అలాగే అడ్డం పడతాయని అనుకుంటూ మెట్లు దిగింది.

సభ బడి వ్యాయామశాలలో జరిగింది. ఎక్కే తాళ్లూ, పిల్లలు మీదనించి దూకే చెక్కగుర్రాలూ మూలకి నెట్టి కుర్చీలు వరసగా వేశారు. నేల మీద రబ్బరు వాసన. జనం బాగా వచ్చారు. గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్లూ ఉన్నారు. ఉర్స్ వెనక వరసలో కూర్చున్నాడు. రెగులా ముందు వైపు కూర్చుంది. మార్లీస్ వచ్చి, అంతమంది ఉండగా, ఆమె పక్క కుర్చీలోనే కూర్చుంది. నలుగురూ చూడాలని కాబోలు అనుకుంది రెగులా.

గ్రామాధ్యక్షురాలు ఫుర్రర్ లేచి విషయం చెప్పింది. బ్యూలర్ తెర మీద బొమ్మలు వేశాడు. చెట్లు, బుడగలు పట్టుకున్న పిల్లలు, నవ్వుతున్న ముసలివాళ్లు. ఆ తర్వాత గీతలూ అంకెలూ ఉన్న పటం వేశాడు. రెగులా అటు చూడలేదు. చెప్పదలచుకున్నది మనసులో వల్లెవేసుకుంటోంది.

గొట్‌ఫ్రిడ్ లేచి లారీల గురించి అడిగాడు. లారీలు పై దారినే వస్తాయన్నారు. లిజెలోట్టె మాంసం పొగ గురించి అడిగింది. వెనకనించి కొందరు నవ్వారు. రొట్టెల దుకాణంలో పనిచేసే యువతి ఒకతె చంకలో పిల్లతో లేచి నిలబడింది.

"నేనీ ఊళ్లోనే పుట్టాను. ఈ ఊళ్లోనే రొట్టెలమ్ముతున్నాను. రోజూ పొద్దున మూడు ఊళ్ల అవతలనించి బస్సులో వస్తాను, ఇక్కడ ఇల్లు దొరక్క. మీ అందరి కిటికీల గురించి విన్నాను. నాకు అసలు కిటికీయే లేదండీ."

రెగులాకి ఆ అమ్మాయి మీద జాలి వేసింది. నిజంగానే వేసింది. కానీ తన పేరు పిలవగానే జాలి పక్కకెళ్లిపోయింది.

"ఇళ్లు వద్దని నేననను," అని చేతికిచ్చిన మైకులో మొదలుపెట్టింది. గొంతు తను అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "కట్టండి. ఆ అమ్మాయి లాంటివాళ్లు రావాలి. కానీ మా ఇల్లు అందరికీ తెలుసు. ఒకే ఇల్లు, రెండు వాటాలు. మీరు పెట్టిన గడల్లో ఒక వాటాకి ఒకటీ, ఇంకో వాటాకి ఇంకొకటీ చేశారు. నేనడిగేది ఒక్కటే. మా ముందు పెట్టింది మార్లీస్ ముందుకి మార్చండి. మార్లీస్ ముందు పెట్టింది మా ముందుకి మార్చండి. అలా మారిస్తే నేను ఒప్పుకుంటాను, మా వీధంతా ఒప్పుకుంటుంది."

హాల్లో గుసగుసలు లేచాయి. బ్యూలర్ కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఉన్నవి ఉన్నట్టు తారుమారు చెయ్యమంటున్నారా?"

"అవును."

"చెయ్యొచ్చు. కష్టమేం కాదు. కానీ అమ్మా, అలా చేస్తే మీ ఇంటి ముందు..."

"మా ఇంటి ముందు ఏముంటుందో నాకు తెలుసు. నాకు గడలు చదవడం మీరు నేర్పక్కర్లేదు."

మార్లీస్ ఆమె చొక్కా చెయ్యి పట్టి లాగింది. "వద్దు రెగులా. కూర్చో. అలా అడగకు." రెగులా ఆ చేతిని విదిలించింది. ఇప్పుడు తెలిసిందా మంటంటే ఏమిటో అనుకుంది.

"బాగా ఆలోచించుకున్నారా రెగులాగారూ?" అంది ఫుర్రర్, చాలా మెత్తగా. "ఇక్కడ చేతులు లేచాక మళ్లీ వెనక్కి తీసుకోవడం ఉండదు."

"మంగళవారం నించీ అదే ఆలోచిస్తున్నాను."

చేతులెత్తమన్నారు. గొట్‌ఫ్రిడ్ చెయ్యి లేచింది. లిజెలోట్టె చెయ్యి లేచింది. ఆ తర్వాత వరస వెంట వరస, ఆమె అడగనివాళ్ల చేతులు కూడా లేచాయి. చివరికి లెక్కపెట్టేవాళ్లు లెక్కే అక్కర్లేదన్నారు. ఎక్కడో ఒకరు చప్పట్లు మొదలుపెట్టారు, హాలంతా అందుకుంది. రెగులా అటూ ఇటూ చూసింది. మనుషులు తన వైపు చూస్తున్నారు, కొందరి కళ్లు చెమ్మగిల్లాయి. న్యాయం అడిగితే జనానికి ఇంతగా నచ్చుతుందని ఆమె అనుకోలేదు. మార్లీస్ రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఆ తర్వాత మొత్తం ప్లానుకి చేతులెత్తమంటే అది కూడా సులువుగా నెగ్గింది. రొట్టెల దుకాణం అమ్మాయి ఏడ్చేసింది.

సభ అయ్యాక నడవలో తెల్ల ద్రాక్షసారా, జున్ను ముక్కలు పెట్టారు. రెగులా గ్లాసు అందుకుంది. ఇన్నిరోజుల తర్వాత మొదటిసారి ఆకలేస్తోంది. బ్యూలర్ జనాన్ని తప్పించుకుంటూ ఆమె దగ్గరికి వచ్చాడు.

"నేను ఈ పనిలో చాలా ఊళ్లు తిరిగానమ్మా. తన కిటికీ కోసం కొట్లాడేవాళ్లనే చూశాను. నాలుగంతస్తులు తన ముందు పెట్టుకుని, ఖాళీని పక్కవాళ్లకిచ్చినవాళ్లని ఇవాళే చూశాను."

రెగులా జున్ను ముక్క నమలడం ఆపింది. "ఖాళీనా?"

"ఇవాళ్టిదాకా మీ ముందున్నది సైకిళ్ల పాకా, పిల్లల ఇసుక గుంటా, భవనం కింద కార్లు పెట్టే చోటికి దిగే దారి గోడా కదా. మీ కిటికీ గట్టు దాకా కూడా రావు. పొట్టి గడలు అయిపోయాయని మావాళ్లు పొడుగువి పాతేశారు. అయినా ఎత్తు చూపించే అడ్డపట్టీ కిందే కొట్టారు కాబట్టి ఈ ఊరివాళ్లెవరికీ అనుమానం రాలేదు. పెద్ద భవనానికి నాలుగు మూలలే కదా, మధ్యలో గడలుండవు. కొత్తవాళ్లు చాలామంది దాన్నే ఖాళీ అనుకుంటారు." అతను నవ్వాడు. "మీరు మాత్రం నాకే పాఠం చెప్పారు."

సుద్దగీత. సుద్దగీత దాటి మిగిలిన గుడ్డకి లెక్క లేదు, పట్టీ దాటి మిగిలిన గడకీ లెక్క లేదు. రెగులాకి బ్యూలర్ ఇంకా ఏదో అంటున్నది వినపడలేదు. ఆ గడలన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి. వాటి మధ్యలో, గడ్డికి పైన, కిటికీకి చాలా కింద, మేకులు కొట్టిన చిన్న చిన్న పట్టీలు. బుధవారం వెనకనించి వినపడ్డ సుత్తి దెబ్బలు అవే. కొండ మొత్తం తనకే వదిలారు. దాన్ని తనే చేతులారా, మైకులో, ఊరందరి ముందూ, పక్కవాటాకి ఇచ్చేసింది.

"కూర్చుంటారా?" అన్నాడు బ్యూలర్.

"వద్దు."

పొరపాటు పడ్డానని అనాలి. గొంతు దాకా వచ్చింది. ఏమని చెప్పాలి? పెద్ద గోడ దానికి పెట్టమని అడిగాననా? ఈలోపు లిజెలోట్టె వచ్చి ఆమెని కౌగిలించుకుంది. గొట్‌ఫ్రిడ్ టోపీ తీశాడు. "మొగుడు పోయినదానికి నువ్వున్నావు రెగులా. నా గుమ్మం దగ్గర చెప్పినప్పుడు నాకర్థం కాలేదు సుమా. నేనింకా నువ్వు నీకోసమే అడుగుతున్నావనుకున్నాను. ఛీ ఛీ." ఫుర్రర్ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపింది. బృందం నడిపే ఆవిడ వచ్చి, మళ్లీ చేరవా అని అడిగింది, ఈ ఏడు ఆ చరణం నువ్వు పాడు అంది. ఇన్నేళ్లలో ఈ ఊళ్లో ఇంతమంది ఒక్కసారిగా రెగులా చుట్టూ ఎన్నడూ మూగలేదు. మూగినప్పుడల్లా మధ్యలో ఉన్నది మార్లీసే. కొండ పోయిందని కడుపులో పెద్ద రాయి పడింది. అయినా ఆ రాయి పైన ఏదో వెచ్చగా ఉంది, దాన్ని వదులుకోవడం ఆమె వల్ల కాలేదు.

"మనదంతా ఒకే ఇల్లు కదా," అంది ఫుర్రర్‌తో. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

జనం మీదుగా ఉర్స్ కనిపించాడు. చేతిలో గ్లాసు పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. ముఖంలో ఏమీ లేదు. ఉర్స్‌కి తెలుసు. దగ్గరికి వచ్చి చెవిలో, "కుట్టు కుర్చీ దగ్గరికి మంచి దీపమొకటి కొనాలి ఇక," అన్నాడు. అంతే. గొట్‌ఫ్రిడ్‌ని తోడు తీసుకుని ముందు నడిచాడు.

బయట ఇంకా వెలుతురుంది. చర్చి వెనకనించి ఇంటికి వెళ్లే దారిలో మార్లీస్ వచ్చి కలిసింది. కంచె అవతల ఆల్బర్ చేనులో గడ్డి గాలికి పడుకుని లేస్తోంది. గడలు నల్లగా నిలబడున్నాయి. రెగులా వాటి వైపు చూడకుండా నడవడానికి ప్రయత్నిస్తోంది.

"నేను ఆపుదామనుకున్నాను," అంది మార్లీస్. "నీ చొక్కా లాగాను. నువ్వు వినలేదు."

"ఊఁ."

"నువ్వు అంత చేస్తావని నేను కల్లో కూడా అనుకోలేదు. నా మొహం నీకు చూపించడానికి సిగ్గుగా ఉంది." మార్లీస్ ఆగి చేతిరుమాలు తీసుకుంది. "నీకొకటి చెప్పాలి. చెప్పకపోతే నిద్రపట్టదు. చెప్తే నువ్వు నన్ను అసహ్యించుకుంటావు."

రెగులా ఆగింది.

"మంగళవారం ఆ గడలు చూసి, ఆఫీసులో పటం కూడా చూసొచ్చాను. నా ముందు నాలుగంతస్తులు, నీ ముందు సైకిళ్ల పాక. ఆ సాయంత్రం బ్యూలర్‌ని పిలిచి, కాఫీ ఇచ్చి, అటు జరపడం కుదరదా అని అడిగాను. అవును, అడిగాను. పక్కవాటావాళ్లు అడగందే కుదరదన్నాడు. నువ్వు కంచె దగ్గరికొచ్చి ఖాళీ బాగా వచ్చిందన్నావు. నన్ను ఎత్తిపొడవడానికే అన్నావనుకున్నా. ఆ రాత్రి రొట్టె ముక్క నోట్లో పెట్టుకోలేదు. నువ్వు ఆ కిటికీలో కూర్చుని నా పావడాయే కుడుతున్నావు, ఎదురుగా కొండ మొత్తం నీదే. చూస్తే ఒళ్లు మండిపోయింది. దీనికి మొగుడున్నాడు, చేతిలో పనుంది, ఊరంతా దీని గుమ్మానికే వస్తుంది, ఇప్పుడు కొండ కూడా దీనికేనా అనుకున్నా. నీ మీద కుళ్లుతో చచ్చిపోయాను రెగులా."

"నా మీదా?" అంది రెగులా.

"నీ మీదే."

"నువ్వా?"

"అవునే. రొట్టె కూడా చెయ్యలేదు, చూశావుగా. పిండి కలుపుదామంటే చేతులు రాలేదు. తిట్టు, ఏం తిడతావో తిట్టు. పడతాను."

రెగులా తిట్టలేదు. ఇంటి కప్పు కనపడుతోంది, దాని కింద తన కిటికీ కనపడుతోంది. వచ్చే ఏడు ఈ వేళకి ఆ కిటికీ ముందు నాలుగు అంతస్తుల గోడ ఉంటుంది. అది తెలుసు. అయినా ఇంటికి వెళ్లే దారి ఇంత దగ్గరేమిటా అనిపించింది ఆమెకి. మార్లీస్ మోచేతిలోకి చెయ్యి దూర్చి, అడుగు నెమ్మది చేసింది.

"మొదట్నించీ చెప్పు," అంది. "గడలు పాతిన పొద్దున్నించి. ఏదీ వదలకుండా చెప్పు."